ముప్పై అయిదో వంతు దుంగ

చిత్రిక మేస్త్రీ నలభై ఏళ్ల వడ్రంగంలో గరుకు కాగితం కనబడకుండా పోయింది ఒక్కసారే. దాన్ని దాచింది ఆయన భార్యే. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పిండి డబ్బాలో అడుగున పెట్టి, "ఆ దుంగ పని అయ్యేదాకా అడగొద్దు" అంది. ఆ దుంగ పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. దాని మూలంగా అప్పటికే ఇద్దరు వియ్యంకులు మాట్లాడుకోవడం మానేశారు.

మేస్త్రీ కొట్టు బస్సు డిపో వెనక సందులో ఉంది. ఒక పక్క సైకిళ్ల రిపేరు, ఇంకో పక్క జిరాక్స్. చేతికి చెక్క దొరికితే చిత్రిక పట్టి నున్నగా చేయకుండా కింద పెట్టలేడని వీధి ఆయనకు ఆ పేరు పెట్టింది. కుర్చీ అడుగున ఎవరి చూపూ పడని చోటు కూడా అద్దంలా ఉండాలి. ఒకసారి పక్కింటి పెయింటరు నిచ్చెన మెట్టు విరిగిందని తెచ్చి ఇచ్చాడు. మేస్త్రీ మెట్టు మార్చి, ఊరుకోలేక మిగతా మెట్లు కూడా నున్నగా చేసి ఇచ్చాడు. మర్నాడు పెయింటరు రంగు డబ్బాతో సహా జారి నేల మీదికొచ్చాడు. అప్పటి నుంచి నిచ్చెన బాగుచేయించాలంటే వేరే వీధికి పోతున్నాడు.

ఈమధ్య నాలుగైదేళ్లుగా ఆయన చేతికి చెక్క దొరకడమే తగ్గింది. జనం బీరువాలు అట్టపెట్టెల్లో కొంటున్నారు. పెట్టె విప్పి, పలకలు పేర్చి, లోపలున్న వంకర తాళం చెవితో స్క్రూలు బిగిస్తే బీరువా అయిపోతుంది. మేస్త్రీని పిలిచేది ఆ బిగింపుకే. డబ్బులు బాగానే వస్తాయి, పొట్టు మాత్రం రాలదు. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా శుభ్రంగా ఉంటుంది. ఆయనకు అదే నచ్చదు.

ఆయన వియ్యంకుణ్ని అందరూ ట్యాంకాయన అంటారు. ఇరవై రెండేళ్లు సైన్యంలో ట్యాంకు నడిపాడు. ఇంటికొచ్చాక భోజనాల బల్ల మీద ప్లాస్టిక్ ట్యాంకులు అతికిస్తున్నాడు, ఒక్కోటి అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు. "ఉద్యోగంలో ఒక్క ట్యాంకుతో సరిపెట్టుకున్నారు. ఇంటికొచ్చాక పదకొండు" అంటుంది ఆయన భార్య. ఆ ఇంట్లో భోజనం ఒళ్లో కంచం పెట్టుకునే తినాలి.

పన్నెండోది అన్నిటిలాంటిది కాదు. అది ఆయన స్వయంగా నడిపిన ట్యాంకు. నంబరు, సొట్టలు, ఊడిన దీపం, అన్నీ గుర్తు తెచ్చుకుని పెడుతున్నాడు. అయిదు వారాల్లో పాత జట్టులో ఇద్దరు భోజనానికి వస్తున్నారు. ఒకాయన గురిచూసి పేల్చేవాడు, పేరు ఫిరంగి. ఇంకొకాయన గుళ్లు నింపేవాడు, రోజుకు నాలుగు మాటలు దాటడు కాబట్టి మౌని. ఎనిమిదేళ్ల కిందట ఈ ఫిరంగి ఒకసారి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ట్యాంకాయన మూడు నెలలు కష్టపడి చేసినదాన్ని కిందా మీదా చూసి ఒకే మాట అన్నాడు.

"బొమ్మ."

అని టీ తాగి వెళ్లిపోయాడు. ఆ మాట ట్యాంకాయనకు ఇప్పటికీ గొంతులో ముల్లే. ఈసారి ఫిరంగి నోట ఆ మాట రాకూడదు. ఆయనకు కావలసింది అంతే. ఇంట్లో ఈ సంగతి పాలబ్బాయితో సహా అందరికీ తెలుసు.

ఒక ఆదివారం మేస్త్రీ దంపతులు కూతురి ఇంటికి భోజనానికి వచ్చారు. మేస్త్రీ ట్యాంకు చుట్టూ తిరిగి, వెనకవైపు ఆగాడు.

"బావగారూ, ఇదేంటి, సబ్బు బిళ్లా?"

"దుంగండీ" అన్నాడు ట్యాంకాయన. "బురదలో ఇరుక్కుంటే దాన్ని గొలుసులతో తిరిగే ఇనుప పట్టాలకి కడతాం. ట్యాంకు దాన్ని కిందకి లాక్కుని, దాని మీదెక్కి బయటికొస్తుంది."

"అంటే తన దుంగ తానే తొక్కి గట్టెక్కుతుందన్నమాట. మనుషులకి లేదు ఆ తెలివి." మేస్త్రీ వేలితో తట్టి చూశాడు. "ప్లాస్టిక్కు."

"రంగేస్తే దుంగయిపోతుంది."

"కాకికి సున్నం కొడితే కొంగవుతుందా బావగారూ?"

"నాన్నా, ముందు భోంచెయ్యండి" అంది కూతురు. ఈ ఇద్దరి మధ్య మాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఆమెకు ఆరేళ్ల అనుభవం.

మేస్త్రీ కూర్చోలేదు. "చెక్క పని నాకు వదిలెయ్యండి. దుంగ, గొడ్డలి కామ, పార కామ, ఆ పక్కనున్న సామాను పెట్టె. నిజం చెక్కతో చేసి ఇస్తాను. మీ ఫిరంగిగారు చెక్కలో తప్పు పడితే నా ఉలి మీ గుమ్మంలో పెట్టి పోతాను."

వియ్యపురాలు వింటుండగా అన్న మాట. వెనక్కి తీసుకునే రకం కాదు.

మర్నాడు కొట్టు అటక మీంచి ఒక టేకు ముక్క దించాడు. పాత గుమ్మంలోది. మంచి పని వస్తే వాడదామని పదకొండేళ్లుగా దాచాడు. దుంగను యంత్రం మీద తిప్పి గుండ్రంగా తీశాడు. గరుకు కాగితం నాలుగు రకాలు వాడాడు, నూనె పట్టించాడు. పారకు పిడిగా ఉండే కామ లావు ఒక్క మిల్లీమీటరు రావాలి. ఇరవై ఏడు విరిగాయి, ఇరవై ఎనిమిదోది నిలబడింది. పెట్టె మూలలు ఒకదానిలో ఒకటి దూరేలా అతికాడు. వారం రోజులు ఈల వేసుకుంటూ పనిచేశాడు. చొక్కా నిండా పొట్టు. భార్య ఆ చొక్కా దులుపుతూ, "మనిషి మళ్లీ మనిషిలా ఉన్నాడు" అని పక్కింటావిడతో అంది.

అన్నీ దూదిలో పెట్టి, మూత ఉన్న డబ్బాలో వియ్యాలవారింటికి పట్టుకెళ్లాడు. ట్యాంకాయన దుంగను వేళ్ల మధ్య తిప్పాడు. కిటికీ దగ్గర వెలుగులో చూశాడు. తర్వాత నవ్వాడు. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక ఇంకా గట్టిగా నవ్వాడు.

"బావగారూ, మేం వెళ్లింది యుద్ధానికా, పెళ్లికా?"

"అంటే?"

"చెట్టు కొట్టి, కొమ్మలు నరికి, బెరడుతో అలాగే కట్టేవాళ్లం. దీన్ని చూస్తే తొక్కబుద్ధి కాదు, అద్దాల బీరువాలో పెట్టబుద్ధేస్తుంది." భూతద్దం తెచ్చి పెట్టె మీద పెట్టాడు. "ఈ గీతలు చూడండి. గీతకీ గీతకీ మధ్య ఒక మిల్లీమీటరు. ముప్పై అయిదుతో గుణిస్తే మూడున్నర సెంటీమీటర్లు. చెట్టుకి ఏడాదికో గీత కదా, ఏడాదికి ఇంత లావెక్కే చెట్టు ఎక్కడుందో చెప్పండి, వెళ్లి దాని నీడలో పడుకుంటా."

"ఇది అసలు టేకు బావగారూ."

"అదేనండీ చిక్కు. అసలు టేకు అసలు టేకులాగే ఉంది. ట్యాంకు పక్కన పెడితే గుమ్మం ముక్కలా ఉంది."

ఇక్కడితో ఆగినా సర్దుకునేదేమో. వెనక నుంచి అల్లుడు కూడా నవ్వాడు. మేస్త్రీ ఒక్కో ముక్కా మళ్లీ దూదిలో పెట్టి, డబ్బా మూత బిగించి, కంచం పెట్టినా కూర్చోకుండా మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు మీద ఆగి, "నా చెక్క చూసి నవ్వినవాడు ఇంతవరకూ లేడు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు, సైకిల్ సీటు కేసి చూస్తూ అన్నాడు.

తర్వాత పదిహేను రోజులు కబుర్లన్నీ కూతురి ఫోను మీదుగానే నడిచాయి.

"మావయ్యగారికి కోపం లేదు నాన్నా."

"నాకూ లేదు."

"మరి మాట్లాడొచ్చుగా."

"కోపం లేనప్పుడు మాట్లాడ్డానికేముంది?"

అవతల ట్యాంకాయన ప్లాస్టిక్ దుంగకు మూడుసార్లు రంగు వేసి మూడుసార్లు గీకేశాడు. ఒకసారి నిజం చెక్క మాట విన్నాక అది ఆయన కంటికి కూడా సబ్బులాగే కనిపిస్తోంది. నవ్వి ఉండకూడదని భార్యతో ఒప్పుకున్నాడు. "నాతో కాదు, వాళ్లింటికెళ్లి చెప్పండి" అంది ఆవిడ.

మేస్త్రీకి దారి ఒక అపార్టుమెంటు ముందు దొరికింది. మూడో అంతస్తులో బీరువా బిగించాలి, బీరువా పెట్టె ఇంకా రాలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. తోటమాలి ప్రహరీ వెంట కంచె మొక్కలు కత్తిరిస్తున్నాడు. ఒక ఎండుకొమ్మ వచ్చి మేస్త్రీ కాలి దగ్గర పడింది. చూపుడువేలంత లావు కూడా లేదు. అలవాటు కొద్దీ తీసుకుని బెరడు గీకబోయాడు. ఒక కన్ను మూసి దగ్గరగా పెట్టుకున్నాడు. బెరడు పగుళ్లు, చిన్న కొమ్మ ఊడిన చోట కణుపు, ఒక పక్క ఎండకు చీలిన చీలిక. గీకడం ఆపేశాడు.

సంచిలోంచి చిన్న చెక్క ముక్క తీసి, చాకుతో మనిషి ఆకారం చెక్కాడు. తల, భుజాలు, రెండు కాళ్లు, ఎత్తు సరిగ్గా అయిదు సెంటీమీటర్లు. ఓ మోస్తరు మనిషిలో ముప్పై అయిదో వంతు. వాణ్ని కొమ్మ పక్కన మెట్టు మీద నిలబెట్టాడు. అంతే, కొమ్మ మాను అయిపోయింది. ఆ మనిషి దాని పక్కన నిలబడి, ఇంత పెద్ద మానును ఎలా మోయాలిరా అని ఆలోచిస్తున్నట్టున్నాడు.

బీరువా ఇంటాయన కిందికొచ్చి, "మేస్త్రీగారూ, పెట్టె వచ్చిందా?" అన్నాడు.

"పెట్టె రాలేదు. చెట్టు దొరికింది" అన్నాడు మేస్త్రీ.

ఆ చెక్క మనిషికి చిన్నమేస్త్రీ అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి ప్రతి పనికీ ముందు వాణ్ని పక్కన నిలబెట్టి చూసేవాడు. టేకు వాడి ముందు నిలవలేదు. గీతకీ గీతకీ మధ్య వాడి రెండు వేళ్లంత వెడల్పు ఉంది. గీత కంటికి ఆనని చెక్క కావాలి. వెతగ్గా వెతగ్గా ఇంట్లో మనవడు మరిచిపోయిన పెన్సిలు దొరికింది. నిలువునా చీల్చి ముల్లు తీసేస్తే సన్నటి, మెత్తటి చెక్క. పెట్టె పలకలు దానితో వచ్చాయి. కామలు ఐస్‌క్రీం పుల్ల చీల్చి తీశాడు.

"టేకు చెక్కిన చేత్తో పెన్సిళ్లు చెక్కుకుంటున్నారా?" అంది భార్య.

"పెన్సిలని తక్కువ చెయ్యకు. చిన్నమేస్త్రీకి ఇదే టేకు."

దుంగను రంపంతో కోయలేదు. చిన్నమేస్త్రీ అయితే గొడ్డలితో కొడతాడు కదా. పాత బ్లేడు ముక్క విరిచి, పుల్లకు బిగించి, గోరంత గొడ్డలి చేసి, ఆ కొమ్మ చివర్లు దానితోనే నరికాడు. చివర్లు ఎగుడుదిగుడుగా వచ్చాయి. అచ్చం రావలసినట్టే వచ్చాయి. వచ్చిన మరుక్షణం ఆయన కుడిచెయ్యి, ఆయన్ని అడక్కుండానే, గరుకు కాగితం కోసం వెళ్లింది.

నలభై ఏళ్ల అలవాటు. మొదటి దుంగ అలాగే పోయింది, తెలివి వచ్చేసరికి బెరడంతా నున్నన. రెండోదీ పోయింది. మూడోది చేసేటప్పుడే ఆవిడ గరుకు కాగితం పిండి డబ్బాకు చేర్చింది. ఆయన కొట్టంతా వెతికి ఇంటికొచ్చాడు.

"ఒక్క చిన్న ముక్క ఇవ్వు. ఇక్కడ కొంచెం పెచ్చు లేచింది."

"లేవనీండి."

"చేతికి గుచ్చుకుంటుంది."

"ఎవరికి? ఆ అయిదు సెంటీమీటర్ల మనిషికా? వాడొచ్చి అడిగితే ఇస్తాను."

దుంగ బతికింది.

కామల పని ఇంకా మిగిలింది. వాడిన గొడ్డలి కామ ఎలా ఉంటుందో మేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండావానలకు బూడిదరంగు తేలి, చెయ్యి పట్టుకునే చోట మాత్రం నల్లగా మెరుస్తుంది. బూడిదరంగుకు తుప్పు మేకులు వెనిగర్‌లో నానబెట్టాడు. ఆవిడ ఆ సీసా మీద 'ఇది వంటకి కాదు' అని కాగితం అతికించింది. చేతి నలుపు రంగుతో రాలేదు. రంగు రంగులాగే ఉంది. దాంతో రెండు కామలూ చొక్కా జేబులో వేసుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా వేళ్ల మధ్య నలిపాడు. బస్సులో, బ్యాంకు వరసలో, మంగలి కుర్చీలో.

"ఏంటి మేస్త్రీగారూ, జేబులో ఏదో తిప్పుతున్నారు?" అన్నాడు మంగలి.

"గొడ్డలి."

మంగలి చేతిలోని కత్తి ఆగిపోయింది. విషయం తెలిశాక, "అయితే గడ్డం మీరే చేసుకోండి, చెయ్యి తిరిగింది కదా" అన్నాడు. తొమ్మిది రోజులకు కామలు నల్లబడ్డాయి. నిజం చెమట, నిజం మురికి.

నాలుగో వారం చివర్లో ట్యాంకాయన ఒక స్టూలు భుజాన వేసుకుని కొట్టుకొచ్చాడు.

"ఊగుతోంది" అన్నాడు, గోడకేసి చూస్తూ.

మేస్త్రీ స్టూలు నేల మీద పెట్టి నొక్కి చూశాడు. "ఊగట్లేదే."

"మా ఇంట్లో ఊగుతోంది."

"అయితే ఇల్లు తెండి."

మేస్త్రీ బల్ల సొరుగు లాగి, డబ్బా తీసి, మూత తెరిచి పక్కన పెట్టాడు. చూడమని అనలేదు. ట్యాంకాయన దుంగను పైకి తీశాడు. ఈసారి భూతద్దం అడగలేదు. ఊగుతుందన్న స్టూలు మీదే కూర్చున్నాడు.

"ఇక్కడ బెరడు పోయింది. గొలుసు రాసుకునే చోట."

"అక్కడ గొలుసు వస్తుందని మీరే చెప్పారుగా."

"ఎప్పుడు చెప్పాను?"

"నవ్వడానికి ముందు."

ట్యాంకాయన తలవంచుకున్నాడు. "నా నోరు మంచిది కాదు బావగారూ" అన్నాడు. "నోటికేమండీ, కళ్లు మంచివి" అన్నాడు మేస్త్రీ. టీ తెప్పించుకున్నారు. కూతురికి ఆ సాయంత్రం రెండు వైపుల నుంచీ ఫోను రాలేదు. ఏమైందోనని ఆమే కంగారుపడి ఫోను చేసింది.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఫిరంగి పొడుగు మనిషి, కొంచెం వంగాడు. ఇరవై ఏళ్ల పేలుళ్లకు చెవులు సగం పోయాయి. మౌని ఆయన వెనకే వచ్చి, చెప్పులు విడిచి, నమస్కారం పెట్టి ఊరుకున్నాడు. భోజనాల బల్ల మీద శుభ్రమైన గుడ్డ, దాని మీద ట్యాంకు. మేస్త్రీ వంటింటి గుమ్మం దగ్గర మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. తాగడం లేదు. ఆయన చొక్కా పై జేబులోంచి చిన్నమేస్త్రీ తల కనిపిస్తోంది.

ఫిరంగి కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. ముందు నుంచి చూశాడు. పక్క నుంచి చూశాడు. వెనక్కి వెళ్లి వంగి, అక్కడే ఉండిపోయాడు.

"ఈ దుంగ ఇటు పక్కకి ఎందుకు కట్టావ్?" అన్నాడు ఫిరంగి.

"ఇటేగా కట్టేది."

"ఇటు కట్టొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాన్రా? ఆ ఇంజను మూత తియ్యాలంటే ప్రతిసారీ దుంగ విప్పాలి. వానలో నిలబడి విప్పింది ఎవరు? నేను. నువ్వు లోపల వెచ్చగా కూర్చున్నావు."

"వెచ్చగానా? నా కాళ్ల దగ్గర మోకాలి లోతు నీళ్లు."

"ఆ నీళ్లు ఎందుకొచ్చాయి? వాగులో దింపొద్దంటే దింపావు కాబట్టి."

"దింపమన్నది నువ్వే."

"నేనన్నది వంతెన దగ్గర."

ముప్పై ఏళ్ల కిందటి తగువు భోజనాల బల్ల మీదికొచ్చింది. ఇద్దరి గొంతులూ పెరిగాయి. మేస్త్రీ కూతురు భయపడి తండ్రి దగ్గరికొచ్చింది. "నాన్నా, ఆయన తప్పులు పడుతున్నారు."

"పట్టనీ అమ్మా. బొమ్మ మీద ఎవరూ ఇంత కోప్పడరు."

అప్పుడు మౌని వేలు చాపి, "పార" అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"కామ విరిగింది కదా. తీగ చుట్టాను."

అది ఆ వారానికి సరిపడా మాటలు. ట్యాంకాయన మొహం మారిపోయింది. సొట్టలన్నీ గుర్తుపెట్టుకుని ఇదొక్కటీ మరిచాడు. ఫిరంగి మళ్లీ వంగి చూశాడు. "అవును. ఆ వాగు గట్టు మీదే విరిగింది. ఇది బాగున్న కామ. ఇది మన పార కాదు" అన్నాడు. తర్వాత వచ్చే మాట ఏదో ఆ గదిలో అందరికీ తెలుసు.

మేస్త్రీ గ్లాసు కింద పెట్టి బల్ల దగ్గరికొచ్చాడు. గోటి కొసతో పారను దాని కొక్కెం నుంచి తీశాడు. తొమ్మిది రోజులు జేబులో నలిపి నలుపు తెచ్చిన కామ. రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పెట్టి, "ఎక్కడ విరిగిందండీ?" అని మౌనిని అడిగాడు. మౌని చూపించాడు. మేస్త్రీ విరిచాడు.

టక్ మంది. చాలా చిన్న చప్పుడు, ఎండుకర్ర చప్పుడు. సగం చెవుల ఫిరంగి కూడా తల తిప్పాడు. విరిగిన చోట సన్నని పీచులు లేచాయి, పైన బూడిదరంగు, లోపల తెలుపు.

"కర్రే" అన్నాడు ఫిరంగి.

"కర్రేనండీ."

"ఈ దుంగ?"

"అదీ కర్రే. మీరు అటు కట్టమంటారు, బావగారు ఇటు కట్టమంటారు. నేను కర్ర వరకే."

ఫిరంగి నవ్వాడు. నవ్వితే ఆయన అంత వంగినట్టు కనిపించలేదు. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుని, "తీగ ఏదైనా ఉందా?" అని అడిగాడు. అల్లుడు పాడైపోయిన ఛార్జరు వైరు కోసి రాగి పోగు తెచ్చాడు. ఈసారి నవ్వకుండా జాగ్రత్తగా తెచ్చాడు. నలుగురు పెద్దమనుషులు మూడు సెంటీమీటర్ల పార మీదికి వంగారు. బల్ల ఖాళీ లేదు కాబట్టి భోజనాలు ఇంకో గంట వెనక్కి పోయాయి. వంటింట్లోంచి రెండుసార్లు పిలుపొచ్చింది, ఎవరూ వినలేదు.

"మూడు చుట్లు చాలా?" అన్నాడు మేస్త్రీ.

"అయిదు" అన్నాడు ఫిరంగి. "ఇంత వరసగా కాదు. ఇది మౌని చుట్టింది. వంకరగా ఉండాలి."

మేస్త్రీ వంకరగా చుట్టాడు. చివరి చుట్టు మరీ వంకర పోయింది. ఆయన గోరు దాన్ని సరిచేయడానికి దానంతటదే లేచింది.

"వద్దు" అంది మేస్త్రీ భార్య, వంటింటి గుమ్మంలోంచి.

గోరు దిగింది. ఫిరంగి పారను అందుకుని, స్వయంగా దాని కొక్కేనికి తగిలించి, వెనక్కి వాలి, కళ్లజోడు తీశాడు.

"ఇప్పుడు బయలుదేరొచ్చు" అన్నాడు. "దుంగ అటు మార్చాక."

"మార్చను" అన్నాడు ట్యాంకాయన, మొహమంతా వెలిగిపోతూ.